కోడి తడిసిన ఏడు

మునిశంకర్‌ను ముంచింది వత్సల టీచరు. మాటవరసకు ముంచడం కాదు, దాయాదులు ముంచినట్టో, చీటీలవాడు ముంచినట్టో కాదు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, మోకాటి లోతు నీళ్ళల్లో ముంచింది. పైగా ఆమెను తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా ముంచింది. అదే అతనికి ఈనాటికీ మింగుడుపడదు.

కోలారు జిల్లా బైరకూరు పక్కన ఉండే గుట్లపల్లెలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. రాగి చేలు, మామిడి తోటలు, ఇంటికి రెండు సీమావులు, పొద్దున్నే పాల డెయిరీ దగ్గర నాలుగు మాటలు. ఊరికి పడమట ఒక చెరువు ఉండేది గానీ దాన్ని చెరువనడం మర్యాదకే. వాన కురిస్తే నాలుగు రోజులు బురద, తరువాత పిల్లల క్రికెట్. చెరువు నిండితే మిగులు నీళ్ళు పొర్లిపోవడానికి కట్ట చివర ఒక రాతి గోడ ఉంటుంది కదా, దాన్ని ఆ తట్టు కోడి అంటారు. కన్నడం మాట. గుట్లపల్లె కోడి రాళ్ళు ఎప్పుడో ఊడిపోయి ఊళ్ళోకి వచ్చేసినాయి. ఒకరి కొట్టం కింద మూడు, ఇంకొకరి బట్టలుతికే చోట ఒకటి. గోడ లేని తావున నీళ్ళు నిలుస్తాయా? వచ్చింది వచ్చినట్టే పోయేది.

నీళ్ళు రాని ఆ చెరువు లోపలి అంచునే మునిశంకర్ మల్బరీ తోట. వాళ్ళ నాయన మునియప్ప కేజీఎఫ్ బంగారు గనిలో, భూమి కింద పని చేసినవాడు. గనిలో బండ జారి కాలు విరిగిన ఏడు మునిశంకర్ ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి, మార్కెట్‌లో మూటలు మోసినాడు. తరువాత గనే మూసేసినారు. గనివాళ్ళు చేతిలో పెట్టిన డబ్బుతో మునియప్ప సొంతూరికి వచ్చి, దొడ్డమునియప్ప దగ్గర ఆ నేల కొన్నాడు. "పత్రాలు అద్దం మాదిరి ఉండాయి. నీళ్ళంటావా, అవి ఇంగ ఈ జన్మలో రావు," అన్నాడు దొడ్డమునియప్ప. పత్రాల సంగతి నిజమే. నీళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు.

వత్సల టీచరు ఆ ఊరికి రావడానికి కారణం పిల్లల పళ్ళు. ఆమెది కేజీఎఫ్. తండ్రి పద్మనాభరావు గని ఆఫీసులో గుమాస్తా, ఆమె అక్కడి బడిలో సైన్సు చెప్పి రిటైరయింది. చదువుకున్నవాళ్ళు రిటైరయితే బెంగుళూరులో కొడుకు ఇంట్లో కూర్చుని టీవీ చూస్తారు. ఈమె గాజు సీసాలు సంచిలో వేసుకుని పల్లెల మీద పడింది. గుట్లపల్లె బడిలో పిల్లల నోళ్ళు తెరిపించి చూసింది. అందరి పళ్ళ మీదా తుప్పు గీతలు. బోరు నీళ్ళు సీసాలో పట్టి, ఏదో చుక్కలు వేసి, రంగు మారడం చూపించింది.

"మీ బోరు వెయ్యి అడుగులు దాటింది. అంత లోతు నీళ్ళల్లో ఫ్లోరైడు ఉంటుంది. పళ్ళతో మొదలుపెట్టి ఎముకల దాకా పోతుంది. పైన చెరువు నిలిస్తే బావులు ఊరతాయి, ఆ పాడు నీళ్ళు తాగే పని ఉండదు."

"చెరువు నిలవాలంటే ఏం చెయ్యాల టీచరమ్మా?" అన్నాడు మేస్త్రీ సీనప్ప.

"ముందు అది ఎంత పెద్దదో మనకు తెలియాల. మీలో ఎవరైనా నిండిన చెరువును చూసినారా?"

చూసినవాళ్ళు ముసలివాళ్ళే. వాళ్ళ మాటలు విని బొమ్మలుగా గీయమని టీచరు తన మేనకోడలు చిత్రను పంపింది. బెంగుళూరులో బొమ్మల చదువు చదివిన పిల్ల. జుట్టు మగపిల్లాడి మాదిరి కత్తిరించుకుని, ప్యాంటు నిండా రంగు మరకలతో వచ్చింది. అక్కయమ్మ అవ్వ అరుగు మీద కూర్చుని అడిగింది.

"నీళ్ళు యాడిదాకా వచ్చేటివి అవ్వా?"

"మా కాలంలో యాటా కోడి తడిసేది పాపా. కోడి తడిసిందంటే ఇంగ ఊరికి పండగే. డప్పులు కొట్టుకుంటా పోయి దానికి పసుపు కుంకం పెట్టేవాళ్ళం."

చిత్ర శ్రద్ధగా విన్నది. రెండు రోజుల్లో బడి గోడ నిండా చెరువు తయారైంది. కట్ట, తూము, తామరాకులు, దిగువన పచ్చటి మళ్ళు. ఆ కట్ట చివర, మనిషంత ఎత్తున, ఎర్రటి పెట్ట ఒకటి కాళ్ళు నీళ్ళల్లో పెట్టి, నొసట కుంకంతో, మెడ నిక్కించి నిలబడి ఉంది.

ఊరు ఊరంతా వచ్చి చూసింది. పిల్లమ్మ నవ్వలేక అక్కడే కూలబడింది. "ఏం పాపా, చెరువుకు కాపలా పెట్టినావా దీన్ని?"

"మీ అవ్వే కదా కోడి తడిసేదన్నారు?"

అక్కయమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. "అయ్యో నా తల్లీ, రాళ్ళ కోడి అది, కూసే కోడి కాదు. నువ్వు ఇంగా నయం, కోసి కూర వండలేదు."

చిత్ర ముఖం ఎర్రబడింది. గోడ మీద తెల్లరంగు కొట్టేస్తానని బకెట్టు తెచ్చుకుంది. ఆ ఆదివారం వచ్చిన వత్సల టీచరు గోడ ముందు చాలాసేపు నిలబడి, బకెట్టును కాలితో పక్కకు తోసింది.

"చెరపొద్దు. నేను నెల రోజులుగా నీటి మట్టం, నీటి మట్టం అని మొత్తుకుంటున్నాను. ఒక్కరైనా చెవిన వేసుకున్నారా? నువ్వు ఒక్క కోడిని గీస్తే ఊరంతా వచ్చింది. చెరువు నిండితే ఈ కోడి కాళ్ళు తడుస్తాయి. పసిపిల్లలకు కూడా ఇంగ వేరే చెప్పక్కర్లేదు."

మరుసటి వారం, నిండిన చెరువు అంచు ఎక్కడిదాకా వస్తుందో నేల మీద గుర్తుపెట్టడం మొదలుపెట్టినారు. విరిగిన కోడి పక్కన ఒక పుట్టుబండ ఉంది. ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిచి దాని ఒంటి మీద తెల్లటి చార మిగిలింది. ఆ చారే లెక్క. ఇంటి పునాదికి మట్టం చూసే గొట్టం సీనప్ప దగ్గర ఉంది. నీళ్ళు పోసిన పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టం అది. ఒక కొన చార దగ్గర పట్టుకుంటే, రెండో కొనలో నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ అదే ఎత్తు. అక్కడొక రాయి పాతడం, ఆ రాయి నుంచి ఇంకో రాయికి పోవడం. ప్రతి రాయి మీదా ఒక కోడి, కాళ్ళు సరిగ్గా ఆ మట్టానికి.

కోళ్ళను గీసింది చిత్ర కాదు. "నాదొక్కటి చాలు," అని గోడ చూపించి, ఊరి ఆడవాళ్ళ చేతికే ఎర్రమన్ను, సున్నం, మసి ఇచ్చింది. ముగ్గు వేసే చేతులు ఊరుకుంటాయా? చిన్నవెంకటమ్మ కోడికి ముక్కుపుడక వచ్చింది. పిల్లమ్మ కోడి పిల్లమ్మ మాదిరే లావు. ఇంకొకామె కోడి వెనక ఏడు పిల్లలు వరసగా ఉన్నాయి. డెయిరీ దగ్గర ఇంగ అదే మాట. ఎవరి కోడి ఎత్తున ఉంది, ఎవరిది చేను మధ్యలో ఉంది. చెరువంటే పట్టనివాళ్ళంతా చెరువు అంచున చీకటి పడేదాకా తిరిగినారు. గొట్టం పట్టుకుని చుట్టూ తిరిగి తిరిగి మళ్ళీ తెల్లచార దగ్గరికి వచ్చేసరికి, చివరి రాయికీ మొదటి చారకూ వేలెడు తేడా లేదు. వత్సల టీచరు ఆ గొట్టాన్ని పట్టుకుని చంటిపిల్లలా నవ్వింది. దూరం నుంచి చూసిన మునిశంకర్‌కు కూడా, ఒప్పుకోడు గానీ, ఒళ్ళు ఝల్లుమంది.

ఝల్లుమంటే ఏం లాభం? కోళ్ళ వరస అతని తోట పై గట్టు మీదుగా పోయింది. ఒక కోడి ఆ గట్టు మీదే నిలబడింది. దాన్ని గీసింది ఎవరో కాదు, అతని పెళ్ళాం నేత్రావతి. ముక్కు పసుపుపచ్చగా, తోక గుప్పెడంత, ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది.

"ఏమే నేత్రా, మన తోట మునుగుతాదని బోర్డు రాసిచ్చినావే నీ చేత్తో?"

"రాసింది నీళ్ళయ్యా, నేను ఉత్త కోడిని గీసినాను. చూడు, ముక్కు బాగుండాదా?"

కోడి గోడ మళ్ళీ కట్టాలంటే ముంపు అంచున నేల ఉన్నవాళ్ళు ఒప్పుకోవాలి. మిగతా వాళ్ళకు పోయేది గట్లు, నాలుగు సాళ్ళు. పిల్లప్పకు ఒక కానుగ చెట్టు. వాళ్ళంతా సరే అన్నారు. మిగిలింది మునిశంకర్. అతనిది ఒకటింబావు ఎకరా, అంటే యాభై గుంటలు, అందులో గట్టుకు దిగువనున్న ముప్పాతిక ఎకరం పోతుంది. ఆ ఆకు మీదే పట్టుపురుగులు, ఆ పురుగుల మీదే ఇల్లు. అతను కాదంటే గోడ లేదు, గోడ లేకుంటే ఈ కోళ్ళన్నీ ఉత్త బొమ్మలే. ఊరంతా అతని ముఖం చూసింది.

వత్సల టీచరు తోటకే వచ్చింది. గట్టు మీద చెప్పులు విడిచి కూర్చుంది.

"మునిశంకర్ కదా నువ్వు? కిటికీ పక్కన కూర్చునేవాడివి. ఎనిమిదో తరగతిలో సగంలో పోయినావు."

గుర్తుపట్టకపోయి ఉంటే బాగుండేది. ఇంతకాలం తరువాత కిటికీ గుర్తుచేస్తే మనిషి ఎట్ల తిట్టేది?

"పోయినాను. మీరు పాఠాలు చెప్పుకుంటా ఉంటే మేము మూటలు మోసినాము. ఇప్పుడొచ్చి నా తోట ముంచండి. అది మునిగితే మీ మేనకోడలు ఇంకో బొమ్మ గీస్తాది."

"గీస్తుంది. తోట మునుగుతుందప్పా. మునగదని నీకు చెప్పను."

అతను ఈ జవాబుకు సిద్ధంగా లేడు. బతిమాలుతుంది, పుణ్యమంటుంది, సర్కారు డబ్బిస్తుందంటుంది అనుకున్నాడు.

"మా నాయన పనిచేసిన గనిలో ఇప్పుడేముందో తెలుసా మీకు?" అన్నాడు కసిగా.

"నీళ్ళు. మా నాన్న ఆఫీసులో కూర్చుంటే పంపుల చప్పుడు వినిపించేదట. నూరేళ్ళకు పైగా తోడినారు. పంపు ఆపినాక ఆ నీళ్ళను ఎవరైనా పిలిచినారా? వాటి తావుకు అవి వచ్చేసినాయి." చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "సీనప్పను గొట్టం తెమ్మంటాను. నీ చేత్తో పట్టుకుని నువ్వే ఒకసారి చూడు," అంది.

"నేను చూడను," అన్నాడు.

చూడలేదు. దానికి బదులు ఇంకొకటి చేసినాడు. రైతు బుద్ధి అది. గట్టు రాయి కదిపితే నేల కలుస్తుందని పుట్టినప్పటి నుంచి చూసినవాడు. అతని తాత చేను పక్కవాళ్ళు అట్లాగే తిన్నారు. నేత్రావతి పాల డెయిరీకి పోయిన సాయంత్రం, గడ్డపారతో కోడి రాయిని పెకలించి, భుజాన ఎత్తుకుని, తోట దిగువ అంచుకు మోసుకుపోయి అక్కడ పాతినాడు. ఇప్పుడు కోడి కింద ఉంది, తోట పైన ఉంది. నీళ్ళు కోడి దాకానే కదా వచ్చేది.

మరునాడు పంచాయతీలో గట్టిగా చెప్పినాడు. "గోడ వద్దు. ఈ ఒక్క వానాకాలం ఇసుక మూటలు అడ్డం పెట్టి చూసుకోండి, చార దాకా. మా కోడి దాటి నీళ్ళు వస్తే అప్పుడు మాట్లాడతాము."

అందరికీ తెలుసు. వరసలో ఒక కోడి నిచ్చెన దిగినట్టు దిగిపోయి ఉంటే కనిపించదా? సీనప్ప నోరు తెరవబోతే వత్సల టీచరు చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనీ సీనప్పా. రాయి అతని నేలలోనే ఉంది కదా." నేత్రావతి మాత్రం ఇంటికొచ్చినాక అంది, "మంచిపని చేసినావు. పాపం దానికి పైన గాలి ఎక్కువగా కొడతా ఉండె."

ఆ ఏడు కార్తీకంలో వాన పట్టుకుంది. కోలారు వాన తెలుసు కదా, వచ్చినట్టే వచ్చి ముఖం చాటేస్తుంది. ఆ ఏడు అట్ల కాదు. పైనున్న చెరువులు ఒకదాని తరువాత ఒకటి నిండి, వాగులు కలిసి, ఎర్రటి నీళ్ళు గుట్లపల్లె చెరువులోకి దిగినాయి. మునిశంకర్ ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం లేచినాయి. ఆఖరిసారి పొర విడిచి లేచిన పురుగు ఆకలి అంతా ఇంతా కాదు, తట్టల్లో ఆకు కొరికే చప్పుడు వాన చప్పుడులో కలిసిపోయింది. మొగుడూ పెళ్ళాం గొడుగు లేకుండా ఆకు కోసినారు. తడి ఆకు వేస్తే పురుగు చస్తుంది. తెచ్చిన ఆకంతా బడి వరండాలో, ఎర్ర కోడి బొమ్మ కింద ఆరబోసినారు.

వాన వెలిసిన పొద్దున చిన్నవెంకటమ్మ కేక విని ఊరు కదిలింది. అక్కయమ్మ అవ్వను మోటారుసైకిల్ మీద ఎక్కించి తెచ్చినారు. కట్ట మీద నిలబడి చూస్తే అవతలి గుట్ట దాకా ఒకటే నీళ్ళు. ఆ నీళ్ళ అంచున, ఈ కొస నుంచి ఆ కొస దాకా, కోళ్ళు. ముక్కుపుడక కోడి, లావు కోడి, పిల్లల కోడి, ఒకటి మిట్టన, ఒకటి పల్లాన ఉన్నట్టు ఇన్నాళ్ళూ కనిపించినవి, ఒకేసారి, ఒకే నీళ్ళల్లో, అన్నీ కాళ్ళు తడుపుకుని నిలబడి ఉన్నాయి. ఏ ఒక్కదానికీ మోకాలు మునగలేదు, ఏ ఒక్కదానికీ గోరు పొడిగా లేదు. ఇసుక మూటల మీదుగా పలుచగా నీళ్ళు జారుతున్న చప్పుడు ఒక్కటే.

అక్కయమ్మ అంది, "కోడి తడిసింది."

అప్పుడు పిల్లప్ప చెయ్యి చాపినాడు. "మన మునిశంకరప్ప కోడి యాడప్పా?"

ఎక్కడుంటుంది? తోట దిగువ అంచున నీళ్ళల్లో ఎర్రటి కోడిజుట్టు ఒక్కటే కనిపించి, ఒక అల వచ్చి అది కూడా మునిగింది.

"ఈతకు పోయినట్టుండాది," అంది పిల్లమ్మ. కట్టంతా నవ్వింది. నేత్రావతి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

మునిశంకర్ ఆ నవ్వులోంచి నడిచి తన తోటకు పోయినాడు. మల్బరీ సాళ్ళు నీళ్ళల్లో నిలబడి ఉన్నాయి. దిగువ చెట్లకు కొనలు మాత్రమే పైన. అతను సాళ్ళ మధ్య మోకాటి లోతులో పైకి నడిచి గట్టు దగ్గరికి వచ్చినాడు. అక్కడ, తను రాయి పెకలించిన గుంట ఉంది. పూడ్చలేదు. నీళ్ళు తోటంతా ఎక్కి, గట్టు ఎక్కి, ఆ గుంట దాకా వచ్చి, గుంటను నింపి, దాని అవతలి అంచున ఆగి ఉన్నాయి. ఒక చీమ ఆ అంచు మీద పొడిగా నడిచిపోతోంది.

అతను కూర్చుని చూసినాడు. ముసలామె సీసాలు, చిత్ర తప్పుగా విన్న మాట, సీనప్ప గొట్టం, నేత్రావతి పెద్దకన్ను కోడి. వీటన్నిటితో ఎండిపోయిన నేల మీద, వాన రాకముందే, నీళ్ళు ఎక్కడ ఆగుతాయో గీసి పెట్టినారు. నీళ్ళు వచ్చి ఆ గీత మీదే ఆగినాయి. దేవుణ్ణి పిలిస్తే కూడా ఇంత చెప్పినట్టు రాడు. బడి మానకుండా ఉంటే ఈ పాఠం ఎప్పుడో విని ఉండేవాడేమో. విని ఉంటే ఇంత బాగా అర్థమయ్యేది కాదేమో.

ఆ నేల అమ్మిన దొడ్డమునియప్ప వెనకే వచ్చినాడు. చెవి దగ్గర నోరు పెట్టి, "నాలుగు దినాలు నిలిస్తే వేరు కుళ్ళిపోతాది. నడుమ రెండు మూటలు లాగెయ్యి, పొద్దు గుంకేలోగా తోట తేలుతాది. నీ నేల, నీ ఇష్టం. నిన్ను ఎవడు అడిగేది?" అన్నాడు.

ఆ మాట కూడా నిజమే. మునిశంకర్ లేచి ఇసుక మూటలు పేర్చిన కోడి దగ్గరికి పోయినాడు. ఆడవాళ్ళు అప్పటికే మూటలకు పసుపు పూస్తున్నారు. కోడి తడిస్తే కోడిని కొయ్యాలి, అది ఆచారం, సీనప్ప సంకలో ఒక పుంజు గింజుకుంటోంది. చిత్ర మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తోంది, చేతిలో కుంచె లేదు. వత్సల టీచరు చీర కుచ్చిళ్ళు తడుపుకుని మూటల పక్కనే నిలబడి ఉంది. అతను ఎందుకు వచ్చినాడో ఆమెకు తెలుసు. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

అతను మూట మీద చెయ్యి వేసినాడు. కింద నీళ్ళ బరువు చేతికి తెలుస్తోంది. అవతల, ఇన్నేళ్ళూ పిల్లలు క్రికెట్ ఆడిన చోట, రెండు కొంగలు దిగినాయి. ఎవరు చెప్పినారో వాటికి.

"ఈ మూటలు యాడ నిలుస్తాయి సీనప్పా," అన్నాడు చివరికి. "ఎండ తగిలితే చీలికలవుతాయి. మా కొట్టం గుమ్మం కింద కోడి రాళ్ళు మూడు ఉండాయి. రేపొచ్చి గోడకు ఎత్తుకుపో. ఆవును పక్కకు కడతాను."

సీనప్ప పుంజును వదిలేసినాడు. కావాలని కాదు, చెయ్యి పట్టు జారింది. అది అరుచుకుంటూ ఊరి దిక్కు పరుగెత్తింది. పిల్లలు దాని వెంట పడినారు, దొరకలేదు.

మునిశంకర్ తిరిగి తోటలోకి దిగినాడు. నీళ్ళ అడుగున తడిమి తడిమి తన రాయిని పట్టుకుని, పెకలించి, రొమ్ముకు ఆనించుకుని పైకి మోసుకొచ్చినాడు. సున్నం కరిగి కోడి ఒళ్ళు మరకలు పడింది గానీ పెద్దకన్ను అట్లాగే చూస్తోంది. గుంటలో నిలబెట్టి చుట్టూ బురద తొక్కినాడు. కాళ్ళు సరిగ్గా తడిసినాయి.

"జలుబు చేసుంటాది దానికి," అంది నేత్రావతి, గట్టు మీద ఆకు మూట దించి. అంతలోనే కళ్ళు తుడుచుకుంది. మిగిలిన ఆకు సగం పురుగులకు కూడా చాలదని ఇద్దరికీ తెలుసు.

వత్సల టీచరు గట్టు మీదుగా మెల్లగా నడిచి వచ్చింది. పుణ్యాత్ముడివనలేదు, ఊరు నిన్ను మరవదనలేదు. అవి మిగతావాళ్ళు అన్నారు, అనడానికి ఖర్చేముంది. ఆమె కోడి పక్కన నిలబడి, మునిగిన సాళ్ళను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, ఎవరూ అడగనిది అడిగింది.

"ఎంత పోయింది మునిశంకర్?"

"ముప్పై ఒక్క గుంటలు, టీచరమ్మా."